ల్యాంప్ రూమ్ ముందు లైన్

“నీకు ఎక్కడి దాకా తెలుసు?” అని అడిగింది మెషీన్.

జంగిలి ఓదెలు కుర్చీలో అటూ ఇటూ మెసిలాడు. ఏళ్ల తరబడి భూమి లోపల బొగ్గు టబ్బులు లాగే హాలేజీ నడిపినవాడు, గని పైకప్పు పెళపెళలాడినప్పుడు కూడా బెదరనివాడు, ఆ మెత్తటి గొంతుకు బెదిరిపోయాడు. అరచేతులు రెండూ నల్లటి అద్దం మీద ఆనించి ఉన్నాయి. తీస్తే పని చెడుతుందేమోనని ముక్కు దురద పెడుతున్నా గోక్కోలేదు.

“తెలుసు గాని... అరను పావుతోని భాగిస్తే రెండు అని మొన్న నువ్వే చెప్పినవ్. గదే నాకు మనసుకు పడ్తలేదు. పంచితే తగ్గాలె. రొట్టె పంచితే తగ్గుతది, భూమి పంచితే తగ్గుతది. అర ముక్కను పంచితే రెండెట్లయితది? నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా ఏంది?”

గోడ పక్కన నిలబడి స్క్రీన్ చూస్తున్న డాక్టర్ గాజుల కొమురమ్మ నవ్వు ఆపుకుంది. స్క్రీన్ మీద పచ్చటి గీత ఒకటి ఓదెలు మాటల వెంబడే సాగి సాగి, “పంచితే” అన్నచోట టక్కున తెగింది.

“అర లీటరు పాలున్నాయి, పావు లీటరు గ్లాసులున్నాయి. ఎన్ని గ్లాసులు నిండుతాయి?” అంది మెషీన్.

“రెండు.”

“ఎవరికైనా పంచావా?”

“లేదు. నింపిన.” అని ఓదెలు ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉంది. “అంటే... భాగించుడంటే పంచుడొక్కటే కాదా? ఇందుల అవి ఎన్ని పడ్తయో చూసుడు గూడ భాగించుడేనా? ఓరి నీ పాసుగూల!”

తెగిన గీత అతుక్కుంది. ఓదెలు చేతులు తీసి ముందుగా ముక్కు గోక్కున్నాడు. తర్వాత మెషీన్‌కు దండం పెట్టాడు.

ఆ రోజుల్లో జవాబులకు కరువు లేదు. ప్రతి జేబులో ఫోను, ప్రతి ఫోనులో అడిగిన లెక్కకల్లా జవాబు. వంటగ్యాస్ ఎన్నాళ్లొస్తుందో చెప్పేది, చంద్రుడి బరువెంతో చెప్పేది. చెప్పింది నీ బుర్రకెక్కిందా లేదా అని మాత్రం అడిగేది కాదు. దానికేం పట్టింది? అడిగావు, చెప్పాను, పో. దేశం నిండా జవాబులు తెలిసిన మనుషులే. ఎందుకట్లా అని అడిగితే నేల చూపులు చూసేవాళ్లూ వాళ్లే.

కొమురమ్మ కనిపెట్టింది ఒక్కటే విషయం. ప్రశ్న ఉన్నచోట సందేహం ఉండదు. గనిలో పంపు ఆగిపోయిందని పంపునే విప్పుకుని కూర్చుంటే ఏం లాభం? కేబుల్ తెగింది ఎక్కడో దూరాన, రాతి సందులో. పని తెలిసిన ఎలక్ట్రీషియన్ ఈ కొస నుంచీ ఆ కొస నుంచీ కరెంటు పంపి చూసి, తెగినచోటు ఇదీ అని వేలు పెట్టి చూపిస్తాడు. మనిషి బుర్రలోనూ అంతే. పదో తరగతి లెక్క రానివాడికి తెగింది పదో తరగతిలో కాదు, నాలుగో తరగతిలో. ఆనాడు జ్వరం వచ్చి బడికి పోయి ఉండడు. లేదా, అడిగితే సారు కొడతాడని నోరు మూసుకుని ఉంటాడు. మెషీన్ చేసేదల్లా ఆ తెగినచోటు వెతకడం. కంటిపాప ఎక్కడ తడబడింది, వేలికొస ఎక్కడ చెమర్చింది, గొంతు ఎక్కడ ఒక్క క్షణం ఆగింది, ఇవన్నీ కలిపి చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తుంది. దొరికాక అక్కడ ముడి వేస్తుంది. కాగితాల మీద దాని పేరు కాగ్నిటివ్ ఫాల్ట్ లొకేటర్. ఊళ్లో మాత్రం మెషీన్, అంతే.

ఊరి పేరు నల్లబండ. ఒకప్పుడు అక్కడ బొగ్గు తప్ప ఇంకో మాట లేదు. బొగ్గు కాలం అయిపోయింది. గని మూశారు. గని పక్కనే పైనుంచి తవ్వేసిన ఊరంత పెద్ద గుంటలో నీళ్లు నిండాయి, ఆ నీళ్ల మీద సోలార్ ప్యానెళ్లు తేలుతున్నాయి. అందులో పనిచేయడానికి టెక్నీషియన్లు కావాలి. టెక్నీషియన్ కావాలంటే పరీక్ష రాయాలి. పరీక్షలో సగానికి పైగా లెక్కలే. ఊరివాళ్లు పాసైతే ఊరివాళ్లకే పని. కాకపోతే బయటినుంచి వస్తారు. తాతల నాటినుంచి ఆ భూమిని తవ్వి దేశానికి వెలుగిచ్చినవాళ్లు ఒడ్డున కూర్చుని ప్యానెళ్లు చూసుకోవాలి. ఇది న్యాయమా అని అడిగేవాడు లేడు. పరీక్ష ఎండాకాలం చివర.

అందుకే కొమురమ్మ తన మెషీన్‌ను మరే ఊరికీ ఇవ్వకుండా కొట్లాడి నల్లబండకు తెచ్చుకుంది. ఆమె పుట్టింది ఈ గని కాలనీలోనే. నాన్న భూమి లోపల కప్పు కూలకుండా దిమ్మెలు కట్టేవాడు. ఆమె బీడీలు చుట్టుకుంటూ చదివింది, చదువుకుంటూ చుట్టింది. డాక్టరేట్ చేతికొచ్చేసరికి జుట్టు సగం నెరిసింది. డాక్టరమ్మ వచ్చిందని విని కాలనీలో ముసలమ్మలు మోకాళ్లు చూపించడానికి వస్తే, “నేను లెక్కల డాక్టర్ని అవ్వా, నొప్పుల డాక్టర్ని కాదు” అని చెప్పి చెప్పి విసిగిపోయింది.

మెషీన్‌ను పెట్టింది ల్యాంప్ రూమ్‌లో. గనిలోకి దిగేముందు కార్మికులు నెత్తికి పెట్టుకునే దీపాలు తీసుకునే గది అది. బలమైన గోడలు, పెద్ద వరండా, వరండా ముందు సిమెంటు చేసిన పెద్ద జాగా. అంతా బాగుంది. ఒక్కటే బాగాలేదు. తెగినచోటు వెతకడానికి ఒక్కో మనిషికి అరగంట పట్టేది, ముప్పావుగంట పట్టేది. ఉన్నది ఒక్క మెషీన్. దాంతో లైన్ మొదలైంది.

*

లైన్ అంటే కొమురమ్మకు ఒళ్లు మండుతుంది. నల్లా దగ్గర లైన్, కిరోసిన్‌కు లైన్, స్కాలర్‌షిప్ సంతకానికి లైన్. బీదవాడి ఆయుష్షులో సగం ఇంకొకడి వీపు చూస్తూ గడిచిపోతుందని ఆమె గట్టి నమ్మకం. ఉన్నవాడు ఎప్పుడన్నా నిలబడ్డాడా లైన్లో? ఇప్పుడు తను కనిపెట్టిన మెషీన్ ముందే తనవాళ్లు పొద్దున్నే వచ్చి నిలబడుతున్నారు.

పైగా లైన్లో రోజూ పంచాయితీలు. పనులున్నవాళ్లు చెప్పులు విడిచి జాగా ఆపుకుని ఇంటికి పోయేవాళ్లు. అది మన దేశంలో అందరికీ తెలిసిన పద్ధతే. కానీ నల్లబండలో ఒక చిక్కు ఉంది. గని మూసేముందు అందరికీ ఒకే రకం నల్ల బూట్లు పంచారు. ఊళ్లో ఎవరి కాళ్లకు చూసినా అవే. వరసగా పది జతలు పెడితే ఏవి ఎవరివో బ్రహ్మకు కూడా తెలియదు. ఒకడు తన బూట్లు నాలుగు జతల ముందుకు జరిపి, “ఇవే నావి, పొద్దుగాల్నించి ఇక్కడ్నే ఉన్నయి” అని ఒట్టు పెట్టేవాడు.

“పేర్లు రాద్దాం పక్కన” అన్నాడు ఓదెలు.

“రాయి. ఓదెలు అని రాయి. ఈ కాలనీల ఓదెలులు ఎందరున్నరో నీకు తెల్వదా? రాజేశంలు ఎందరు? నా పేరే తీస్కో, సమ్మక్క అని పిలిస్తే సగం గల్లీ తలుపులు తెరుచుకుంటయి” అంది మేకల సమ్మక్క. ఆమె డంపర్ నడిపిన మనిషి. ఇంటంత బండిని వెనక్కి తిప్పిన గొంతు అది, అందరికీ వినబడింది. “నేనొకటి చెప్త వినుండ్రి. ఎవరి ప్రశ్న వాళ్లు రాయుండ్రి బూట్ల పక్కన. పేర్లు కలుస్తయి గాని ప్రశ్నలు కలువయి.”

ఆ మాట అందరికీ నచ్చింది. మర్నాటినుంచి ల్యాంప్ రూమ్ ముందు సిమెంటు మీద బూట్ల జతలు, ప్రతి జత పక్కన సుద్దముక్కతో ఒక ప్రశ్న. ఇరవై శాతం తగ్గింపు మీద ఇంకో పది శాతం అంటే ముప్పై కాదా? అర అంగుళం పైపులు రెండు వేస్తే ఒక అంగుళం పైపుతో సమానం కాదా? సున్నాతో ఎందుకు భాగించొద్దు? మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ అని ఎవడు చెప్పిండు? పోయేటప్పుడు ముప్పై స్పీడు, వచ్చేటప్పుడు అరవై, సగటు నలభై ఐదు కాదంటరేంది?

కొమురమ్మ అవి దాటుకుంటూ లోపలికి పోయేది. ఎవరి బూట్లో తొక్కకుండా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకునేది. ఒకటి కూడా చదవలేదు. ఆమె ధ్యాసంతా ఆ లైన్ ఎలా ఎత్తేయాలా అనే.

మొదటి మోడల్ టెస్ట్ పెట్టారు. మార్కులు చూసి, మెషీన్‌కు డబ్బులిచ్చే శిక్షణ శాఖ డైరెక్టర్ అనంతసాయి రాజధాని నుంచి స్వయంగా ఫోన్ చేశాడు. వయసులో చిన్నవాడే, పదవి మాత్రం పెద్దది.

“మేడమ్, రిజల్ట్ చాలా బాగుంది. కానీ రోజుకు ఎంతమందిని చూస్తోంది మీ మెషీన్? చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత. మా వాళ్లు అడుగుతున్నారు, ఇదే మెషీన్ రాజధాని ట్రైనింగ్ సెంటర్‌లో పెడితే ఎక్కువమందికి పనికొస్తుంది కదా అని. స్పీడ్ పెంచండి. లేకపోతే దాన్ని అక్కడ ఉంచడం నా చేతుల్లో ఉండదు.”

“స్పీడే కదా. చూడండి” అంది కొమురమ్మ. అడగకుండానే ఆమె చేయాలనుకుంటున్నది అదే.

*

చేసింది. మెషీన్ తెగినచోటును వెతుక్కుంటూ పోనక్కర్లేకుండా, మొదటి మాటలోని తడబాటును బట్టే ఊహించేలా రాసింది. ఇన్నాళ్లుగా నల్లబండ జనం పలికిన పలుకులన్నీ దానికి పాఠమయ్యాయి. అరగంట పని అయిదు నిమిషాలకు దిగింది. తెగినచోటు తప్పుగా పట్టిందా అంటే అదీ లేదు. కొమురమ్మ తనే కూర్చుని పరీక్షించింది. మెషీన్ దిట్టంగా ఉంది.

వారం తిరగకుండా లైన్ మాయమైంది. వచ్చేవాళ్లు, కూర్చునేవాళ్లు, అర్థమైందని తలూపి వెళ్లిపోయేవాళ్లు. సిమెంటు మీద సుద్దరాతలు వానకు కొట్టుకుపోతే మళ్లీ రాసే అవసరం ఎవరికీ కలగలేదు.

“మస్తు చేసినవక్కా” అన్నాడు ఓదెలు. “వచ్చినం, కూసున్నం, పోయినం. కాళ్ల నొప్పులు తప్పినయి.”

కొమురమ్మ ఆ ఖాళీ జాగా చూసుకుని మురిసిపోయింది. తన జీవితంలో ఒక్క లైన్‌నైనా లేకుండా చేశానని.

అప్పుడు రెండో మోడల్ టెస్ట్ వచ్చింది. మార్కుల కాగితాలు ఆమె రెండుసార్లు తిరగేసింది. మొదటిసారి బాగా రాసినవాళ్లు కూడా కిందికి జారారు. మెషీన్ ముందు కూర్చున్నప్పుడు గీత అతుక్కుంది, రికార్డు ఉంది. వారం తర్వాత అడిగితే అదే చోట మళ్లీ తెగింది. ఓదెలు అయితే అరను పావుతో భాగించి ఎనిమిదో వంతు రాశాడు.

“ఏందిరా ఓదెలూ ఇది? గ్లాసులు ఏమైనయి?” అని అరిచింది కొమురమ్మ.

“ఏ గ్లాసులక్కా?” అన్నాడు ఓదెలు అమాయకంగా.

పరీక్షకు ఇంక ఎన్నో రోజులు లేవు. ఒక ఆదివారం మధ్యాహ్నం కొమురమ్మ ల్యాంప్ రూమ్ తలుపులు వేసుకుని రెండు టెస్టుల మార్కులూ ముందు పెట్టుకుంది. మెషీన్ తప్పు వెతకడానికి కూర్చున్న మనిషికి కళ్ల ముందు ఒక వింత కనబడింది. రెండోసారి అందరూ పడిపోయారు, ఒక్కడు మాత్రం పడలేదు. మేకల బుచ్చిలింగం. రెండు టెస్టుల్లోనూ అందరికంటే పైన అతనే. మెషీన్ రికార్డులో అతని పేరు కోసం చూసింది. లేదు. మళ్లీ చూసింది. అతను ఒక్కసారి కూడా మెషీన్ ముందు కూర్చోలేదు.

“కాపీ కొట్టిండు” అనుకుంది ముందు. ఎవరిని చూసి కొట్టాలి? అతనికంటే బాగా రాసినవాడు లేడు కదా.

కబురు పెట్టింది. బుచ్చిలింగం వచ్చాడు, వెనకే పెళ్లాం సమ్మక్క కూడా వచ్చింది. బుచ్చిలింగం సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు ఒరిగి నిలబడతాడు.

“నువ్వు మెషీన్‌ల ఎప్పుడన్నా కూసున్నవా తమ్మీ?”

“లేదు మేడమ్. నేనెక్కడ కూసున్న? ఈమె కోసం లైన్ల నిలవడ్డ. ఈమెకు ఇంట్ల పని, పొద్దున నేనొచ్చి జాగా ఆపుతుంటి. ఈమె వచ్చినంక నేను పోయేటోన్ని.”

“నేను కుర్చీల కూసుని ప్రాణం తీస్కుంటే నాకు తక్కువ మార్కులు, ఉత్తగ నిలవడ్డ ఈయనకు ఎక్కువ మార్కులు” అంది సమ్మక్క. “ఇంట్ల తలెత్తుకోనిస్తలేడు మేడమ్. నిన్న చారుల ఉప్పు ఎక్కువైందంటే, ఎంత శాతం ఎక్కువైందో చెప్పాల్నా అంటున్నడు.”

“ఊకోవే” అన్నాడు బుచ్చిలింగం, లోపల్లోపల సంతోషంగానే.

కొమురమ్మకు నవ్వు రాలేదు. “మైనస్‌ను మైనస్‌తోని గుణిస్తే ప్లస్ ఎందుకయితది? చెప్పు.”

“గదా? పంపు నడుస్తుందనుకోండ్రి మేడమ్. గుంటల నీళ్లు గంటకు మూడు అడుగులు దిగుతున్నయి. దిగుడు అంటే మైనస్. ఇప్పటికి రెండు గంటల కిందట నీళ్లెక్కడున్నయి? కిందట అంటే అదొక మైనస్. ఆరు అడుగులు పైన ఉన్నయి. పైన అంటే ప్లస్. ఇగ ఎవడు చెప్పేదేముంది, గుంట గోడ మీద తడి గుర్తే చెప్తది.”

“ఇది నీకెవరు చెప్పిండ్రు?”

“లైన్ల రాజేశం అడిగిండు. వాడు బూట్ల పక్కన రాసిన ప్రశ్న అదే. మెషీన్ నుంచి బయటికొచ్చిన ఒకాయన ఏదో చెప్పిండు, రాజేశానికి పడలే. మల్ల నేను గీ పంపు ముచ్చట చెప్పిన, సగం చెప్పినంక నాకే ఆగింది. ఓదెలన్న అందుకున్నడు. ముగ్గురం తిట్టుకున్నం, ఆఖరుకు సక్కగయింది.” కొంచెం ఆలోచించి అన్నాడు. “నిలవడి ఏం చెయ్యాలె మేడమ్? కింద చూస్తే ప్రశ్న. పక్కకు చూస్తే ఇంకో ప్రశ్న. మెషీన్ అడుగుతదట గదా, ఎక్కడి దాకా తెలుసు అని? మేమూ గట్లనే అడుక్కునేటోళ్లం, ఆట లెక్క.”

“పైపుల ముచ్చట చెప్పు మేడమ్‌కు” అంది సమ్మక్క. పైకి ఎంత సణిగినా మొగుణ్ని చూపించుకోవాలని ఆమెకూ ఉంది.

బుచ్చిలింగం నేల మీద వంగి వేలితోనే గీశాడు. పెద్ద చదరం. దాన్ని నిలువుగా, అడ్డంగా కోస్తే నాలుగు చిన్న చదరాలు. పెద్ద చదరంలో పట్టినంత పెద్ద సున్నా అంగుళం పైపు. చిన్న చదరాల్లో ఒక్కోదాంట్లో ఒక్కో చిన్న సున్నా అర అంగుళం పైపు. “రెండు కాదు, నాలుగు కావాలె. సదురంల సున్నా ఎంత వంతు పడ్తదో అన్నిట్ల అదే వంతు గదా మేడమ్? ఇది ముగ్గురం కలిసి గీసినం. ఆ పొద్దు ఎండ మాకు తెల్వనే లేదు.”

వాళ్లు పోయాక కొమురమ్మ, ఎవరెవరు ఎంతసేపు నిలబడేవాళ్లో కాలనీలో అడిగి తెలుసుకుని, మిగతా అందరివీ సరిచూసింది. ఒక్క బుచ్చిలింగమే కాదు. మొదటి టెస్టులో ఎవరు ఎంతసేపు లైన్లో ఉన్నారో వాళ్లకు అంత బాగా వచ్చింది. మెషీన్ ముడి వేసేది, నిజమే. పచ్చి ముడి. మనిషి బయటికొచ్చి ఇంకొకరికి చెప్పబోయి, తడబడి, తిట్లు తిని, మళ్లీ చెప్తేనే ఆ ముడి బిగిసేది. ఆమె స్పీడు పెంచి ఎత్తేసింది సరిగ్గా దాన్నే.

లైన్ల మీద ఆమెకు ఎన్ని ఏళ్ల కోపం! “నల్లా కాడ లైన్ల నిలవడి నేనేం నేర్చుకున్న? తిట్లు తప్ప!” అని గోడకేసి అరిచింది. గోడ ఏం చెప్తుంది? నల్లా దగ్గర బిందెలుండేవి. బిందెల మీద ఎవరూ ప్రశ్నలు రాయలేదు.

*

మర్నాడు పొద్దున మెషీన్‌ను పాత పద్ధతికి మార్చేసింది. వరండాలోకొచ్చి నిలబడి అందరికీ చెప్పేసింది, దాచిపెట్టడం ఆమెకు చేతకాదు.

“ఇగనుంచి మెషీన్ నెమ్మదిగ నడుస్తది. లైన్ల నిలవడాలె. బూట్లు పెట్టి ఇంటికి పోతే కుదరదు, మనిషుండాలె. ప్రశ్న రాయాలె, పెద్దగ రాయాలె.”

“ఖరాబైందా అక్కా?” అన్నాడు ఓదెలు.

“బాగైంది.”

“ఇదేం బాగవుడు? సుఖంగ అయిదు నిమిషాల్ల పోతుంటిమి!”

“పోయి ఏం రాసినవ్? ఎనిమిదో వంతు. నోరు మూసుకుని నిలవడు.”

తిట్టుకుంటూనే నిలబడ్డారు. తిట్టుకుంటూనే కింద చూశారు. రెండు మూడు రోజుల్లో జాగా మళ్లీ సుద్దరాతలతో నిండింది, గొంతులు లేచాయి. కొమురమ్మ ఈసారి కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి చదువుకుంటూ లోపలికి పోయేది.

అలాంటి రోజు ఒకటి చూసుకుని అనంతసాయి కారు దిగాడు. గేటు దాకా లైన్. ఎండలో మనుషులు నేల మీద కూర్చుని అరుచుకుంటున్నారు. ఒకామె చేత్తో సున్నాలు గీస్తూ, “నీ తలకాయల బొగ్గున్నదా?” అని పక్కవాణ్ని అడుగుతోంది.

“మేడమ్, ఏమిటిది? స్పీడ్ పెంచమన్నాను. పెంచారు, చాలా బాగుంది. మళ్లీ తగ్గించడమేమిటి? ఏ సైంటిస్టన్నా చేసే పనేనా?”

“మార్కులు చూడు సారూ. అయిదు నిమిషాల మెషీన్‌కు మార్కులెన్ని, అరగంట మెషీన్‌కు ఎన్ని? మెషీన్ సగమే నేర్పుతది. మిగిలిన సగం నేర్పేది ఇగో, గీ లైన్.”

“మేడమ్, లైన్‌కు శాఖ డబ్బులివ్వదు. రోజుకు ఎందరు కుర్చీలో కూర్చున్నారన్నదే మాకు లెక్క. మీరు పెద్దవారు, మీమీద గౌరవముంది. కానీ మనుషుల్ని ఎండలో కూర్చోబెట్టి ఇదే చదువంటే నేను పైవాళ్లకు ఏమని చెప్పను?”

“పరీక్ష ఒడిసేదాకా ఆగు. నీ కాళ్లు మొక్కుత అనను, నాకు అలవాటు లేదు. న్యాయం అడుగుతున్న. ఈళ్లకు ఇంకో పరీక్ష లేదు.”

అతను ఆగలేదు. చెడ్డవాడేం కాదు. తనకు అప్పగించిన అంకెను మాత్రమే చూసే మనిషి, అలాంటివాళ్లతో కొట్లాడటం చెడ్డవాళ్లతో కొట్లాడటం కంటే కష్టం. సాయంత్రానికి లారీ వచ్చింది. నల్లటి అద్దం, కుర్చీ, తీగలు, అన్నీ ఎక్కించుకుపోయారు. ల్యాంప్ రూమ్‌లో నేల మీద నాలుగు మేకుల గుర్తులు మిగిలాయి.

కొమురమ్మ ఆ గుర్తులకేసి చూస్తూ, ఊరు మొత్తాన్ని తానే ముంచానని అనుకుంది. మొదటే స్పీడు జోలికి పోకపోతే నేర్చుకున్నదన్నా నిలిచేది. పోయాక నోరు మూసుకుని ఉంటే మెషీన్ అయినా మిగిలేది. రెండూ చేయలేదు.

పొద్దున తాళంచెవి ఇచ్చేసి పోదామని వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది.

లైన్ ఉంది.

బూట్లున్నాయి, బూట్ల పక్కన మనుషులున్నారు, సుద్దరాతలున్నాయి. మొదట నిలబడ్డవాడు మూసిన తలుపుకు వీపు ఆనించి, వెనకవాడి ప్రశ్న చదువుతున్నాడు.

“మెషీన్ లేదు, తెలుసా మీకు?” అంది కొమురమ్మ.

“తెలుసు మేడమ్, లారీకి దారి చూపించింది మేమే గదా” అంది సమ్మక్క. “మెషీన్ పోయింది గాని నా ప్రశ్న ఏం పోలేదు. ఇంట్ల కూసుని ఆలోచిస్తే ఈయన మొఖమే కనవడ్తది. ఇక్కడైతే పది మొఖాలు.”

“మరి ఎవరికీ రాని ప్రశ్న వస్తే?”

“గప్పుడు నువ్వున్నవ్ గదా అక్కా!” అన్నాడు ఓదెలు. “గాని జల్ది చెప్పకు.”

కొమురమ్మ తాళంచెవి బొడ్లో దోపుకుంది. పరీక్ష రోజు దాకా ఆ వరండా మెట్టు మీదే కూర్చుంది. అడిగితే చెప్పేది, అదీ చివర్లో. చాలాసార్లు ఆమె నోరు తెరిచేలోపే లైన్ మధ్యలోంచి ఎవరో కేక పెట్టేవాళ్లు.

ఫలితాలు వచ్చిన రోజు నల్లబండలో డప్పులు మోగాయి. అందరూ పాస్ కాలేదు. అలా ఎక్కడా కాదు. కానీ ప్యానెళ్ల మీద పనికి బయటినుంచి మనుషులను తెచ్చే అవసరం లేకుండా పోయింది. ఓదెలు పాసయ్యాడు. సమ్మక్క పాసైంది, బుచ్చిలింగం కంటే రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకుంది. ఆ రోజు నుంచి చారులో ఉప్పు గురించి ఆ ఇంట్లో మాట లేదు.

కొన్నాళ్లకు అనంతసాయి ఫోన్ చేశాడు. ఈసారి గొంతు తగ్గి ఉంది. రాజధాని ట్రైనింగ్ సెంటర్‌లో స్పీడు మళ్లీ పెంచిన మెషీన్ రోజుకు వందమందిని చూస్తోందట. పరీక్షలో అందరూ బోర్లా పడ్డారట.

“మేడమ్, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. గనులు మూసిన ఊళ్లన్నిటిలో నల్లబండలాగే పెడదామని తీర్మానం అయింది. ఏం పంపాలో చెప్పండి.”

“ఏం పంపొద్దు సారూ. ఒక గది, మూసిన తలుపు, ముందర సిమెంటు చేసిన జాగా, సుద్దముక్కలు. చాలు.”

“మేడమ్... ఖాళీ గదికి శాంక్షన్ రాదు. లోపల ఏదో ఒక మెషీన్ ఉందని చూపించాలి. అసలు మెషీన్ లేకపోతే కొత్త ఊళ్లో జనం ఎందుకొచ్చి నిలబడతారు?”

అది నిజమే. కొమురమ్మకు తెలుసు. తలుపు వెనక ఏదో ఉందన్న ఆశ లేకపోతే మొదటి రోజు ఎవరూ రారు. “సరే” అంది. “మెషీనే ఇస్త. గాని నెమ్మదైంది ఇస్త.”

అలా, లైన్లంటే వయసంతా మండిపడిన డాక్టర్ గాజుల కొమురమ్మ, ప్రపంచంలోకెల్లా నిదానమైన లెక్కల మెషీన్ తయారు చేయడానికి కూర్చుంది. ఎంత నిదానం? అక్కడే ఆగిపోయింది. మరీ జల్దీ అయితే మనుషులు మాట్లాడుకోరు. మరీ ఆలస్యమైతే తిట్టుకుని ఇళ్లకు పోతారు. ఆ రెండింటి మధ్య సరైన సమయం ఎంత? సమీకరణం రాసింది, కొట్టేసింది. ఇంకోటి రాసింది. మనుషుల ఓపికకు ఏ గుర్తు పెట్టాలో, అది గంటగంటకూ ఎలా మారుతుందో తేలలేదు. ఫోన్‌ను అడిగితే క్షణంలో ఒక అంకె చెప్పింది. ఎందుకో చెప్పలేదు.

చివరికి కాగితాలు పట్టుకుని ల్యాంప్ రూమ్‌కు నడిచింది. ప్యానెళ్ల మీద షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, పై పరీక్షలకు చదువుకునేవాళ్లు, ఊరికే తెలుసుకుందామని వచ్చినవాళ్లు, లైన్ వరండా దాటి ఉంది. తలుపు వెనక ఏమీ లేదని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొమురమ్మ అలవాటు కొద్దీ మెట్టు దగ్గరికి పోబోయింది.

“మేడమ్, ఏదన్న చెప్పేటందుకొచ్చిండ్రా, అడిగేటందుకొచ్చిండ్రా?” అంది సమ్మక్క.

“అడిగేటందుకు.”

“అయితే ఎన్కకు పోవాలె. ఇక్కడ డాక్టర్లకు వేరే లైన్ లేదు.”

నలుగురూ నవ్వారు. ఒళ్లు మండాల్సిన మాటే. కొమురమ్మ మాత్రం చివరికి పోయి, బుచ్చిలింగం వెనక నిలబడింది. అతను ఆమె చేతిలోని కాగితం తీసుకుని చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. వెనక్కి ఇచ్చి, ఎప్పటిలాగే పక్కకు ఒరిగి కొంచెం జాగా చేశాడు.

“పెద్ద ప్రశ్నే తెచ్చిండ్రు మేడమ్. నిలవడితే అయ్యేది కాదు, కూసోండ్రి.”